ఫిబ్రవరిలో నామ్‌దాఫా

అచ్చంపేట,
నవంబరు నెల.

చెల్లె ప్రవళికకు,

అన్న దీవెనలు. నీ ఉత్తరం అందింది. ఇక్కడ అమ్మ బాగుంది, మీ వదిన బాగుంది. అక్కడ అరుణాచల్‌లో, ఆ తడి అడవిలో పిట్టల పరిశోధన చేసుకుంటూ నువ్వు వేళకు ఇంత తింటూ, జ్వరం గిరం లేకుండా ఉన్నావని తలుస్తాను. ఈ అక్షరాలు వదినవి. నేను చెబుతుంటే సుచరిత పక్కన కూర్చుని రాస్తోంది. నా మణికట్టు బెణికిందని పోయిన ఉత్తరంలో రాయించాను కదా.

ఈసారి వానలు వదల్లేదు. పత్తి ఏరే వేళకు కూడా ముసురు పట్టి చేలల్లోనే నల్లబడింది. బడిలో పిల్లలు సగం మందే వస్తున్నారు, మిగతావాళ్లు ఏరడానికి పోతున్నారు. అమ్మ నీకోసం కారప్పూస చేసి డబ్బాకెత్తింది. ఫిబ్రవరిలో మేము నీ దగ్గరికి వస్తామని విన్నప్పటి నుంచి ఆమెది ఒకటే మాట. "పులులు తిరిగే కాడికి పిట్టల కోసం పోతరా ఎవలన్న? మీ అన్నాచెల్లెండ్లకు గిదేం పిచ్చి?"

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. జలగల కోసం మోకాళ్ల దాకా వచ్చే గుడ్డ మేజోళ్లు సుచరిత తనే కుట్టింది. ముదురు రంగైతే జలగ కనపడదని తెల్ల గుడ్డే తీసుకుంది. ఒక్క నామ్‌దాఫాయే చూస్తారా, దారిలో అస్సాంలోని దిహింగ్ పట్కాయ్ అడవి కూడా కలుపుదామా అన్నావు. రెండూ చూడాలనే అనుకున్నాం. గువాహటి దాకా రైలు, అక్కడి నుంచి డిబ్రూగఢ్, ముందు దిహింగ్ పట్కాయ్, ఆ తర్వాత నామ్‌దాఫాలో మీ క్యాంపు. మ్యాపు గోడకు అంటించి, భోంచేసేటప్పుడు ఆ దారినే చూస్తూ తినేవాళ్లం. పెద్ద హార్న్‌బిల్ పిట్ట తల మీది నుంచి ఎగిరిపోతే రెక్కల చప్పుడు రైలింజను రొప్పినట్టుంటుందని నువ్వు రాసిన రోజు, వదిన ఆ ముక్కను నాతో మళ్లీ మళ్లీ చదివించుకుంది. పెళ్లినాటికి ఆమెకు పిచ్చుక తప్ప పిట్ట తెలియదు. ఇప్పుడు కూత విని పేరు చెబుతుంది.

ఇక్కడి దాకా రాసి, వదిన కలం ఆపి నా వైపు చూస్తోంది. ఇక చెప్పక తప్పదు.

నా మణికట్టు బెణకలేదమ్మా. ఎండాకాలం సెలవులకు ముందే బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క జారి పడిపోయేది. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. తర్వాత చెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. హైదరాబాదులో పెద్ద దవాఖానలో అన్ని పరీక్షలూ చేశారు. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బట. చేతుల్లో మొదలైంది. కాళ్లకు వస్తుంది, గొంతుకు వస్తుంది, చివరికి ఊపిరికి. మందు వేసుకుంటే కొంచెం నెమ్మదిస్తుంది గానీ తగ్గదని డాక్టరు దాచకుండా చెప్పాడు.

"ఫిబ్రవరిల అడవికి పోదామనుకుంటున్నం సార్, పోవచ్చా?" అని అడిగాను.

ఆయన నన్ను కాకుండా సుచరితను చూశాడు. "దగ్గర్లో ఏదైనా అడవి ఉంటే ఇప్పుడే పోయి రండమ్మా" అన్నాడు.

మన దగ్గర నల్లమల ఉంది కదా. పోయిన ఆదివారం పొద్దున పోయాం. మన పక్కింటి పరమేష్ జీపు తీశాడు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి కొంత దూరం పోయాక దిగి, వాగు పక్కన నడిచాం. నడిచింది కాస్తే. కాళ్లు మొరాయిస్తే ఒక బండ మీద కూర్చున్నాను. అప్పుడే పరమేష్ మెల్లగా అన్నాడు, "సారూ, గా కొమ్మ మీద సూడుండ్రి! తెల్ల తోకది!"

తోకపిగిలి పిట్ట. మగది, రిబ్బను లాంటి పొడుగు తోకతో. నా చేతులు బైనాక్యులర్స్‌ను గుండె దాకా ఎత్తాయి, అంతకు మించి లేవలేదు. సుచరిత వాటిని తీసుకుని, వెనక నిలబడి నా కళ్లకు ఆనించింది.

"కనపడ్తాందా?"

నాకు ఆకులు కనపడ్డాయి. ఆకుల మధ్య వెలుతురు కనపడింది. పిట్ట లేదు.

"కనపడ్డది. మస్తుంది" అన్నాను.

ఆమె నవ్వింది. దవాఖాన నుంచి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. పరమేష్ కూడా సంబరపడ్డాడు.

చెల్లె, ఈ సంగతి నీకొక్కదానికే చెబుదామనుకున్నాను. కానీ రాసే చెయ్యి ఆమెదే. అందుకే ఇప్పుడు ఆమెతోనే అన్నాను, "రాయి, నేను ఆ పిట్టను చూడలే."

సుచరిత ఆ ముక్క రాసింది. తర్వాత తల ఎత్తకుండానే అంది, "నాకు ఎర్కనే. అది ఎగిరిపోయినంక నువ్వు కనపడ్డదన్నవు."

"మరి ఎందుకు నవ్వినవ్?"

"నువ్వు గట్ల అబద్ధమాడితివి. నవ్వకపోతే ఏడ్పొస్తుండె."

ఈ మాటలు కూడా రాయమన్నాను. రాసింది.

మాకోసం చెప్పిపెట్టిన గది వద్దని మీ క్యాంపు వాళ్లకు చెప్పు. వదిననైనా పంపుదామనుకున్నాను. "నిన్ను ఇడిసిపెట్టి నేనేం సూడాలె ఆడ?" అని కోపం చేసింది. ఇక ఆ మాట ఎత్తను. అమ్మకు ఏమీ తెలియదు. రోజూ సాయంత్రం ఆముదం వెచ్చజేసి నా మణికట్టుకు రాస్తుంది. "జర నయమైందా బిడ్డా?" అంటుంది. అయిందంటాను. ఆమెకు ఎట్లా చెప్పాలో మాకిద్దరికీ తోచడం లేదు. ఫోనులో నీకు చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. సిగ్నల్ కోసం కొండ దిగి వచ్చిన నువ్వు ఆ రోడ్డు మీద ఒక్కదానివే కూలబడతావని ఆగిపోయాను. ఉత్తరమైతే క్యాంపులో నలుగురి మధ్య ఉంటావు.

ఇంకొకటి. ఇది రాయిస్తుంటే వదిన చాలాచోట్ల నన్ను ఆపి "ఏమన్నవ్? మళ్ల చెప్పు" అంది. నాలుక బరువెక్కుతోంది. నీ పని ముగించుకుని ఎండాకాలంలో వస్తానని రాశావు. అంతవరకు ఆగకు. నా మాట నీకు అర్థమయ్యే రోజుల్లోనే రా.

ఇట్లు,
నీ రాకకు ఎదురుచూసే
అన్న ప్రవీణ్