పడవవాడి భార్యకు సేనాపతి ఉత్తరం

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. నీ మరదలి దగ్గు తగ్గింది. బావగారి మోకాలి నొప్పి కూడా నెమ్మదించి ఉంటుందని తలుస్తాను.

"చచ్చిన సేనాపతుల ఉత్తరాలు ఏరుకునే పిచ్చి కుదిరిందా?" అని అడిగావు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. నా సంగతీ అంతే.

కిందటి నెల మన కళ్ళజోళ్ళ షాపుకు ఒక ముసలావిడ వచ్చింది. ఏ అద్దం పెట్టినా ఆవిడకు అక్షరం ఆనలేదు. ఇక చూపు రాదని చెప్పలేక, "ఏం చదువుకోవాలమ్మా?" అన్నాను.

"యుద్ధంలో మా అమ్మకొచ్చిన ఉత్తరం బాబూ. సేనాపతే సొంతంగా రాశాడు."

షాపు సెలవు రోజున వాళ్ళింటికి పరిగెత్తాను. మేడ మీద ఒకటే గది, కిటికీ పక్కన మంచం, మంచం కింద రేకుపెట్టె. ఆవిడ తండ్రి సైన్యాన్ని ఏరు దాటించే పడవవాడట. నా దగ్గరున్న ఉత్తరాలన్నీ గెలుపు కబుర్లే కదా, ఎవరిని ఎంత దూరం తరిమారో. పెట్టెలోంచి ఆవిడ తీసిచ్చిన ఉత్తరమూ అలాంటిదే అనుకుని గొంతు సవరించుకుని చదివాను.

"అమ్మా, ఆ రోజు ఏరు దాటి తీరాలన్నది నేను. వరద తీయలేదు, వద్దన్నది మీ ఆయన. ఆయన మాటే నిజమైంది, ఆయన్నే ఏరు తీసుకుపోయింది. తప్పు నాది. ఈ మాట ఇంకొకరి చేత రాయించకూడదు."

"అక్కడ ఆగు బాబూ. మా అమ్మ కూడా అక్కడే ఆపమనేది," అంది.

అక్కయ్యా, వేలమందిని నడిపించిన మనిషి ఒక పడవవాడి భార్య ముందు తల వంచుకున్నాడు. ఆ కాగితం చేతిలో ఉండగా నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడే మిగతాది చదివాను.

"నా తర్వాత ఎవరో పొయ్యిలో పడేస్తారు. నువ్వే తీసుకెళ్ళు," అంది ముసలావిడ.

నవ్వుతావని ఇంతవరకూ నీకు రాయలేదు. ఆ ఉత్తరం నేను తెచ్చుకోలేదు. ఇన్నేళ్ళుగా వెతికింది చేతిలో పెట్టినా వేళ్ళు ముడుచుకోలేదు. "మీ దగ్గరే ఉండనివ్వండి. వారం వారం నేనే వచ్చి చదివి పెడతాను," అన్నాను. అలాగే వెళ్తున్నాను.

మొన్న ఉండబట్టలేక, మీ అమ్మ జవాబు రాయించిందా అని అడిగాను.

"అమ్మకి చదువు రాదు. నాకు అప్పుడప్పుడే అక్షరాలొస్తున్నాయి. ఆ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా చేత రాయించింది: 'అయ్యా, మీ ఉత్తరం అందింది. రాసేటప్పుడు మీ చెయ్యి వణికింది. చలిలో తిరక్కండి.' అంతే బాబూ."

ఇట్లు,
ఇంకా తేరుకోని
నీ తమ్ముడు