బొటనవేలి బొమ్మ

అన్నయ్యకి,

మన కుట్టు కార్ఖానాలో ఇక ఎవరూ గొంతు చించుకోనక్కర్లేదని నువ్వే అందరి ఫోన్లలో గ్రూపు పెట్టించావు. పని అందుకున్నవాళ్లు మెసేజ్ కింద బొటనవేలి బొమ్మ పెట్టాలి, అది కనిపిస్తే మిగతావాళ్లు లేవక్కర్లేదు అన్నావు.

మొన్న కటింగ్ మాస్టారు మేడమీద గుడ్డల గదిలోంచి, "గుండె పట్టేసినట్టుంది, ఎవరైనా పైకి రండమ్మా" అని గ్రూపులో పెట్టారు. వెంటనే దాని కింద బొటనవేలు పడింది. ఎవరిదో చూడకుండా, ఎవరో ఒకరు వెళ్లే ఉంటారులే అనుకుని కింద అందరం మిషన్లు తొక్కుతూనే ఉన్నాం. భోజనానికి పిలుద్దామని నేను పైకి వెళ్లేసరికి కత్తెర చేతిలోనే ఉంది, ప్రాణమే లేదు.

ఆ బొటనవేలు నీది. ఎక్కడో వేరే ఊళ్లో ఉండి, ఏది వచ్చినా చదవకుండానే నొక్కేస్తావు. నిన్ను తిట్టే ఓపిక కూడా నాకు లేదు. మాస్టారు వాళ్లావిడ, "ఒక్క కేక వేసుంటే వినపడేదేమో కదమ్మా" అంటోంది. కేకలు మాన్పించింది మనమే.

ఆయన పోయారని నిన్న గ్రూపులో పెట్టాను. దాని కింద కూడా మొదట నీ బొటనవేలే పడింది.

అందుకే ఈ ఉత్తరం. దీన్నైనా చదువు.

నీ చెల్లెలు