నాన్న చెయ్యి పడ్డ చోటు

నాన్నగారికి,

క్షమించమని రాయడం లేదు. వంతెన దూలానికి గాలి ఒత్తిడితో ఇనపరజను కొట్టి తుప్పంతా వదిలించాం. జింకు తీగ కరిగించి చల్లబోతున్నాం. సరిగ్గా అప్పుడే మీరు వచ్చి, గుర్రాన్ని నిమిరినట్టు దాన్ని ఒట్టి చేత్తో నిమిరారు. అందుకే నలుగురిలో "చెయ్యి తియ్యండి!" అని అరిచాను. అరచేతి జిడ్డు తగిలితే పూత పట్టదని, చిన్నప్పుడు నా చేతిమీద ఒక్కటేసి నేర్పింది మీరే కదా. మీరు రిటైరైతే మీ జిడ్డు కూడా రిటైరవుతుందా?

మీరు అలిగి, ఇమాబారి ఊరికి వెళ్లే పడవెక్కాక, కురమోతో అనే మా మేస్త్రీ నాతో, "పోనీలేమ్మా, ఈ దీవుల వంతెనలన్నిటికీ పూత వేసిన చెయ్యి అది. అలాగే చల్లెయ్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ చోట మళ్లీ రజను కొట్టించాకే జింకు చల్లాను. లేకపోతే కొన్నేళ్లకి పూత లేచిపోయి, మీ అయిదు వేళ్లూ తుప్పుగా బయటపడతాయి. రోజూ ఆ వంతెన కిందే పడవలో వెళ్తాను. మిమ్మల్ని అలా గుర్తుచేసుకోవడం నాకిష్టం లేదు.

చివరి దూలానికి ఇంకా రజను కొట్టలేదు, మీకోసమే ఆపించాను. ఆదివారం రండి. జింకు చల్లే గన్ను మీరే పట్టాలి. చేతి తొడుగులు మాత్రం మర్చిపోకండి.

మీ అమ్మాయి