‘తండ్రి: తెలియదు’ అని రాయవద్దని మనవి

గుర్తింపు కార్డుల శాఖ అధికారి గారి సముఖమునకు, తమ ఆఫీసుకు ఎదురు వరసలో మేడమెట్ల కింద జిరాక్స్ షాపు నడుపుకొనే వ్యక్తి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా పేరు మీద ఉన్న కార్డు నాకు ఇప్పించుట గురించి, మరియు మా పాప జనన పత్రంలో ‘తండ్రి: తెలియదు’ అని పడకుండా ఆపుట గురించి. గడువు రేపు సాయంత్రం ఐదు గంటలు.

1. నేను పద్నాలుగేళ్లుగా తమ ఆఫీసు ఎదుట నకళ్లు తీస్తున్నాను. తమ దగ్గరకు వచ్చే ప్రజలను తమ సిబ్బంది ముందుగా నా దగ్గరకు తోలుతున్నారు. దీనిపై నాకు ఫిర్యాదు లేదు. ఈ అర్జీలో ఫిర్యాదు లేని అంశం ఇదొక్కటే కనుక మొదట రాశాను.

2. తమ ఆఫీసు గోడకు ‘మీ గుర్తింపును మీరే కాపాడుకోండి’ అనే పోస్టరు ఉన్నది. అందులో పన్నెండు సూచనలు ఉన్నవి. వాటిని పూర్తిగా చదివి, పూర్తిగా ఆచరించిన పౌరుణ్ణి ఈ ఊళ్లో నేనొక్కణ్ణే అని సవినయంగా మనవి చేస్తున్నాను. పర్సు లోపలి జేబులో పెట్టుకొని పైన రెండు గుండీలు కుట్టించుకున్నాను. అది జేబుదొంగకు అందదు. నాకూ అందదు, బస్సులో టిక్కెట్టు కొనవలసి వచ్చినప్పుడు పక్కవారి సాయం తీసుకుంటున్నాను. సంతకం ఎవరూ కాపీ కొట్టకుండా చివర ఒక మెలిక పెట్టుకున్నాను. ఆ మెలిక నాకూ రెండోసారి కుదరలేదు.

3. పై పోస్టరులో ఏడవ సూచన: ‘నకలు ఎవరికిచ్చినా దాని మీద అడ్డంగా గీతలు గీసి, ఏ పనికోసమో రాసి ఇవ్వండి.’ నా షాపులో ఈ సేవ ఉచితం. ఎవరు ఏ నకలు తీయించుకున్నా చెరిగిపోని మార్కరుతో రెండు గీతలు గీసి, మధ్యలో ‘ఇది నకలు మాత్రమే, ఫలానా పనికి మాత్రమే’ అని నేనే రాసిస్తాను. ఇతరుల వివరాలు చదవడం తప్పు కనుక కార్డు మీద పేరు కూడా చూడను. పాడైన నకళ్లను నాలుగు ముక్కలు చేసి మరీ బుట్టలో వేస్తాను. అలవాటు ముదిరి ఒకసారి మా పెళ్లి ఫొటో నకలు మీద కూడా రాశాను. ‘ఏ పనికి మాత్రమేనండీ?’ అని మా ఆవిడ అడిగింది. సమాధానం నేటికీ బాకీ ఉన్నాను.

4. నలభై నాలుగు రోజుల క్రితం మాకు ఆడపిల్ల పుట్టింది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టింది. ఆసుపత్రివారు తండ్రి కార్డు నకలు అడిగారు. ‘తండ్రి’ అనే మాట నన్ను ఉద్దేశించి ఒకరు అనడం అదే మొదలు. పరుగున వచ్చి, షట్టరు సగమే ఎత్తి, వంగి లోపలికెళ్లి కార్డు మెషీనులో పెట్టాను. మొదటి నకలు వంకరగా వచ్చింది. చింపకుండా బుట్టలో పడేశాను. దీపం కింద చీకటి అంటే ఇదే. రెండవది మందపాటి కాగితం మీద, రంగుల్లో, అసలుకు ఏ మాత్రం తీసిపోకుండా వచ్చింది. గొప్ప కోసం చెప్పడం లేదు, మా మెషీను అంత బాగా తీస్తుంది. అసలేదో నకలేదో నాకే తెలియలేదు. మార్కరు తీసి అసలు కార్డు మీద ‘ఇది నకలు మాత్రమే’ అని రాశాను.

స్పిరిటుతో తుడిచాను. ఫొటోలో నా ముఖం పోయింది. రాత పోలేదు.

5. పాప పేరు నమోదు చేయించడానికి తమ భవనంలోనే కింది అంతస్తులో ఉన్న జనన నమోదు కౌంటరుకు వెళ్లాను. అక్కడ జరిగిన సంభాషణ యథాతథంగా:

“సార్, ఇది నకలు. అసలు తెండి.”

“ఇదే అసలమ్మా.”

“నకలు అని రాసుందిగా.”

“అది నేనే రాశానమ్మా.”

“మరింకేం, మీరే ఒప్పుకుంటున్నారుగా!”

6. అక్కడి నుంచి డూప్లికేటు కార్డు కోసం పై అంతస్తులో తమ గుమాస్తా గారిని కలిశాను. ఆయన కంప్యూటరు చూసి, “మీకు పోయిన వారమే ఇచ్చాం కదండీ. కార్డు పారేసుకున్నామని వచ్చారు. నకలు చూపించారు. కొత్త ఫొటో, కొత్త అడ్రసు ఇచ్చారు,” అన్నారు. ఆ నకలు చూపించమని అడిగాను. వంకరగా ఉన్న నకలు. మా బుట్టలోది. నాకు కార్డు రావడానికి పదకొండు నెలలు పట్టినది. ఆ వ్యక్తికి తొమ్మిది రోజులు పట్టినది. తీసుకున్నది నేను కాదని చెప్పగా, సంతకం పెట్టి చూపించమన్నారు. మూడుసార్లు పెట్టాను. మూడూ వేరువేరుగా వచ్చినవి. తమ రికార్డులో ఆయన పెట్టిన నా సంతకం మాత్రం చక్కగా, మెలికతో సహా ఉన్నది.

7. నలభై అయిదు రోజుల్లోగా తండ్రి కార్డు చూపించకపోతే ఆ గడిలో ‘తెలియదు’ అని రాసి పత్రం ఇస్తామని జనన నమోదు కౌంటరువారు చెప్పారు. ఆ తర్వాత దిద్దాలంటే కోర్టుకు వెళ్లాలట. ఈ సంగతి ఇంట్లో చెప్పగా మా ఆవిడ పాలిస్తున్నదల్లా తల ఎత్తి, “తెలియదేంటి? వాళ్లకు తెలియకపోతే నన్నడగమనండి, నాకు తెలుసుగా!” అన్నది. ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. కానీ దానిని జతపరచడానికి తమ దరఖాస్తులో స్థలం లేదు.

8. ఇక అసలు సంగతి. నిన్న పొద్దున షాపుకు ఒక పెద్దమనిషి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, మర్యాదస్తుడు. కార్డు నకళ్లు నాలుగు అడిగారు.

“ఏ పనికోసమండీ?” అన్నాను.

“ఫోను సిమ్ముకు.”

నాలుగింటి మీదా గీతలు గీసి, ‘సిమ్ముకు మాత్రమే’ అని రాసిచ్చాను. ఎందుకని ఆయన అడిగితే, “రోజులు బాగాలేవండీ. మన కాగితంతో ఇంకొకడు మనమైపోతాడు,” అని వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. “మీలాంటివాళ్లు ఊరికొకరుంటే చాలండీ,” అని, చిల్లర కూడా వద్దని వెళ్లిపోయారు.

నకలు పట్టుకొని అసలును మెషీను మూత కిందే మరిచిపోవడం గిరాకీలకు మామూలే. పది నిమిషాల తర్వాత మూత ఎత్తితే కార్డు ఉన్నది. ఎవరిదో పిలిచి ఇద్దామని మొదటిసారిగా నియమం తప్పి పేరు చదివాను. పేరు నాది. తండ్రి పేరు మా నాన్నది. పుట్టిన తేదీ నాది. ముఖం ఆయనది. అంటే నా పేరు దొంగిలించినవాడి దగ్గర నుంచి దాన్ని ఇంకెవరూ దొంగిలించకుండా స్వహస్తాలతో కాపాడి పంపించాను. వీధి చివరిదాకా పరుగెత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ఏం లాభం?

9. వెంటనే పోలీసు స్టేషనుకు వెళ్లాను. రైటరు గారు పెన్ను మూత తీసి అడిగారు.

“కార్డు ఎవరి పేరు మీదుంది?”

“నా పేరు మీదేనండీ.”

“ఇప్పుడెక్కడుంది?”

“ఇదుగో, నా దగ్గరే.”

“మరి పోయిందేమిటయ్యా?”

నేను ఆలోచించేలోగా ఆయన పెన్ను మూత పెట్టేశారు.

10. ఇంటికి వెళ్లి కార్డు చూపించాను. మా అత్తగారు కళ్లజోడు పెట్టుకొని చూసి, “నాయనా, నీకన్నా ఇతనే బాగున్నాడు,” అన్నారు. ఆవిడ ఉద్దేశం ఫొటో గురించే అని నా నమ్మకం. మా ఆవిడ మాత్రం సూటిగా, “మీ పేరే ఉందిగా. రేపు ఇదే చూపించి రాయించెయ్యండి. వాళ్లు ఫొటో చూస్తారా ఏంటి?” అన్నది.

“అది నేరం,” అన్నాను.

“ఎవరి మీద?”

“నా మీదే.”

“అయితే మీరు ఫిర్యాదు చెయ్యకండి. సరిపోతుంది.”

ఈ వాదనలో లోపం ఎక్కడున్నదో ఇప్పటికీ కనిపెట్టలేకపోతున్నాను. అయినా ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్లుగా తప్పు కాగితం చెయ్యవద్దని పదిమందికి చెప్పినవాణ్ణి. నా కూతురి పేరు మీద పుట్టే మొదటి కాగితమే తప్పుడుది కాకూడదని నా ఆశ. కోపమొచ్చి ఆవిడ అటు తిరిగి పడుకున్నది.

కావున ఏలినవారు దయతలచి,

అ) రేపు సాయంత్రం ఐదులోగా నా పేరును నా ముఖానికి తగిలించవలెనని,

ఆ) అది కుదరనిచో, నా పేరు, మా నాన్న పేరు, నా పుట్టినరోజు ఉండి ముఖం మాత్రం పరాయిది ఉన్న కార్డును నేను వాడుకుంటే ఏ సెక్షను కింద తప్పో తెలుపవలెనని,

ఇ) ఆ సెక్షనులో తండ్రులకు ఏమైనా మినహాయింపు ఉంటే అదీ తెలుపవలెనని

ప్రార్థిస్తూ, ఈ నా మొర తీరిక చేసుకొని కాక, తీరిక లేకపోయినా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎదురు షాపు మనిషి (అసలు)

తా.క. పై అర్జీ నిన్న సాయంత్రమే తమ ఆఫీసులో ఇవ్వబోయాను. అర్జీదారు గుర్తింపు కార్డు జతపరచనిదే పుచ్చుకోబోమన్నారు. తీసుకొని వెనక్కి వచ్చాను.

ఈ రోజు మూడు గంటలకు మా ఆవిడ షాపుకు వచ్చి పాపను నా చేతుల్లో పెట్టింది. ఏమైనా అని ఉంటే వాదించేవాణ్ణి. పాప నిద్రలో ఉంది. పిడికెడంత మనిషి. ఆమె కాగితం మీద ‘తెలియదు’ అని ఊహించుకున్నాను.

నాలుగున్నరకు కౌంటరులో ఆ కార్డు ఇచ్చాను. ఆ అమ్మాయి కార్డు చూసి, నన్ను చూసి, “ఫొటోలో బొద్దుగా ఉన్నారు సార్. పాప పడుకోనివ్వట్లేదా?” అన్నది. “లేదమ్మా,” అన్నాను. ఆ ఒక్క జవాబు నిజం. నాలుగు నిమిషాల్లో పత్రం చేతికొచ్చింది. తండ్రి గడిలో నా పేరు ఉంది. అక్కడే నిలబడి చదివాను, వరసలో వాళ్లు తిట్టేదాకా చదివాను.

కాబట్టి నా పేరుతో మోసం చేసినవాళ్లు ఇప్పుడు ఇద్దరు. మొదటివాడి ఫొటో, అడ్రసు ఇందుకు జతపరిచిన కార్డు మీద ఉన్నాయి. రెండోవాణ్ణి వెతకక్కర్లేదు, మీ కిటికీలోంచి చూస్తే కనిపిస్తాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. ఏ శిక్ష వేసినా పడతాను. ఆ ఒక్క గడి మాత్రం దిద్దకండి సార్. మీ కాళ్లు పట్టుకుంటాను.