లైట్‌హౌస్ మీది నుంచి ఒక ఫొటో

ఏమండీ,

నేను దూకడానికే లైట్‌హౌస్ ఎక్కానని మన సీతమ్మధార కాలనీ అంతా చెప్పుకుంటోంది. అది అబద్ధం. మీ కెమెరాతో ఫొటో తీయడానికి రెయిలింగు మీంచి కాస్త వంగాను.

“ఏటమ్మా ఇది, పడిపోతారు! ఇటొచ్చీండి!” అంటూ అక్కడి కాపలాదారు నా చెయ్యి పట్టుకున్నాడు.

“వంగకపోతే ఫొటోలో ఓడ ఎలా పడుతుందయ్యా? పట్టుకున్నవాడివి వదలకు,” అన్నాను.

మీరు ముప్ఫయ్యేళ్లు పైలట్‌గా ఓడలను హార్బరులోకి నడిపించిన కాలువ, దాని మధ్యలో ఒక ఓడ, చక్కగా వచ్చాయి.

మీరు పోయినప్పుడు మీ తమ్ముడు గుర్తింపు కార్డులోని ఫొటోను పెద్దది చేయించి గోడకు తగిలించాడు. అందులో మీరు ఎవరిమీదో కోపంగా ఉన్నారు. ఏడాదిగా ఆ పరాయి ముఖానికే దండ వేశాను.

రేపు మీ సంవత్సరీకం. బంధువులంతా వస్తారు. ఎవరినీ అడగకుండా ఆ ఫొటో దించి, మీ కాలువను తగిలించాను.