ముసలిదాన్నవుదామనుకున్నాను

చింతపల్లి పైన, మా గూడెం నుంచి
డిసెంబరు మొదటివారం

నా సోములూ,

నువ్వూ, మీ ఆయనా, రాజవొమ్మంగిలో మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడెవరికీ ఏటీ కాలేదు. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. మా ఇంటి దగ్గర సిగ్నలు దొరకాలంటే పెరటి వెనక బండ మీదికెక్కి నిలబడాలి. అక్కడ మాట్లాడితే సగం గూడెం వింటుంది. అదీగాక ఈ సంగతి నోటితో చెప్తే మధ్యలోనే ఏడుపొచ్చేస్తుంది. హాస్టల్లో మనిద్దరం ఒక్క దుప్పటి కప్పుకుని పడుకున్న నాటినుంచీ నీ దగ్గర నేను దాచిందంటూ లేదు. ఇదొక్కటే దాచాను. ఇక దాచలేక రాస్తున్నాను.

మా స్వర్ణ సంగతి నీకు తెలుసు. పోయినేడు రొమ్ములో గడ్డ అని తేలడం, విశాఖలో ఆపరేషను, ఆ మీదట మందులెక్కించడం, జుట్టంతా ఊడిపోవడం. దేవుడి దయ, అవన్నీ అయిపోయాయి. రిపోర్టులు బాగున్నాయన్నారు. బడికి సెలవు పెట్టి, ఒళ్లు కుదుటపడేదాకా నా దగ్గర ఉంటానని పిల్ల పైకొచ్చేసింది. అల్లుడు స్తెఫను చింతపల్లిలో జీపు తోలుకుంటూ ఆదివారాలు వచ్చి పోతున్నాడు. జుట్టు మళ్లీ వచ్చింది గానీ, సోములూ, నల్లగా రాలేదు. బూడిద రంగులో, పలచగా వచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు. దానికి నలభై మూడేళ్లంతే.

ఇక నా సంగతి. కలిసినప్పుడల్లా నువ్వే కదా తిడతావు, "నీకు అరవై అయిదంటే ఎవడు నమ్ముతాడే, ఏటి తింటన్నావు?" అని. ఏటి తింటాను, నువ్వు తినేదే నేనూ తింటాను. మా అమ్మా ఇలాగే ఉండేది. నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది. పళ్లన్నీ నావే. మిరియాల కాలం వస్తే నిచ్చెనేసుకుని తీగ కొస దాకా ఎక్కుతాను. ఎవరైనా ఆ మాటంటే పైకి "ఊరుకోండి" అంటూనే లోపల మురిసిపోయేదాన్ని. అంగన్వాడీలో పని చాలించిన రోజున సూపర్వైజరమ్మ, "పుట్టిన తేదీ తప్పుగా రాయించుకున్నారేమో తెరిసమ్మగారూ" అంది. ఇంటికొచ్చి తలుపేసుకుని మరీ అద్దంలో చూసుకున్నాను. ముసలి మొహానికి సిగ్గు లేదనుకో.

అక్టోబరులో స్వర్ణని తీసుకుని సంతకెళ్లాను. గాజుల దుకాణం దగ్గర ఆగాం. ఆ గాజులామె దిగువనుంచి కొత్తగా వచ్చింది, మమ్మల్నెరగదు. నా చెయ్యి పట్టుకుని సైజు చూస్తూ స్వర్ణతో, "మీ చెల్లెలికి ఈ ఆకుపచ్చవి బాగుంటాయప్పా" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వబోతూ స్వర్ణ మొహం చూశాను.

"చెల్లెలు కాదు, మా అమ్మ" అంది పిల్ల మెల్లగా.

గాజులామె దాన్నోసారీ నన్నోసారీ చూసి, "అయ్యో" అంది. ఇంకేం అన్నా బాగుండేది. గాజులు వద్దని లేచొచ్చేశాం.

ఆ తర్వాతి ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే, "అమ్మా, నువ్వు ముందెళ్లిపో, నేను తర్వాతొస్తాను" అంది.

"కలిసెళ్దామే. ఏటంత తొందర?"

"తొందరేం లేదు. నువ్వెళ్లు, అంతే."

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఇదే మాట. సంతకి రాదు. తోటకి నేను వెళ్లొచ్చాకే వెళ్తుంది. నేను ముందు, కనుచూపు మేరలో లేకుండా అది వెనక. ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే కుండలోది తింటున్నాం, గుమ్మం దాటితే ఎవరికెవరమో.

నాకర్థమయింది, సోములూ. నా పక్కన నిలబడితే దానికి లేని వయసు మీద పడుతోంది. నా బిడ్డ పోగొట్టుకున్నవన్నీ నేను ఒంటి మీద వేసుకుని ఊరేగుతున్నట్టుంది. జుట్టు దువ్వుకుంటుంటే అది అటు తిరిగి కూర్చుంటుంది. దువ్వెన పట్టుకోవాలంటేనే దొంగతనం చేస్తున్నట్టుంది నాకు.

అందుకని ఒక తీర్మానానికొచ్చాను. ముసలిదాన్నయిపోతాను. నవ్వకు. నిజంగానే చెప్తున్నాను. చింతపల్లిలో భాను అనే పిల్ల ఆడవాళ్ల పార్లరు పెట్టింది. వెళ్లి, "జుట్టు తెల్లగా చెయ్యడానికేటైనా ఉందా అమ్మా?" అని అడిగాను.

"నల్లగానా పిన్నీ?"

"తెల్లగానే."

ఆ పిల్ల దువ్వెన కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏటి, నాటకంలో వేషమా? మందు పెడితే జుట్టు గడ్డిలా అయిపోద్ది. ఇంత బాగున్న జుట్టు నా చేత్తో పాడు చెయ్యలేను. ఎల్లు పిన్నీ" అని టీ ఇచ్చి మరీ పంపించేసింది.

రంగు కుదరకపోతే మిగతావి నా చేతిలోనే ఉన్నాయి కదా. పూలు మానేశాను. నూనె రాయడం మానేశాను. రంగు చీరలు పెట్టెలో పెట్టేసి, వెలిసిపోయినవి కడుతున్నాను. చేతికర్ర ఒకటి చెక్కించుకున్నాను. వంగి నడవడం సాధన చేస్తున్నాను. ఈ ఏడు మిరియాలకి ఎక్కనని పక్క తోట సోంబరుకి చెప్పేశాను. నా కూతురు నా పక్కన నిలబడితే చూసేవాళ్లకి కూతురిలా కనబడాలి. నాకింకేం వద్దు.

తిట్టినా సరే, బేగి జవాబు రాయి.

నీ
తెరిస


గూడెం నుంచి
మార్చి

సోములూ,

"నీకు పిచ్చి పట్టిందే తెరిసా, ఏటి సేత్తన్నావో నీకైనా తెలస్తందా" అని రాశావు. అప్పుడు నీ మీద కోపమొచ్చి జవాబివ్వలేదు. నువ్వే గెలిచావు. జరిగిందంతా చెప్తాను, విను.

మొదట్లో అంతా నటనే. ఎవరూ చూడకపోతే కర్ర గోడకి ఆనించి మామూలుగా తిరిగేదాన్ని. జనవరి గడిచేసరికి నడుము నిజంగానే పట్టేసింది. కర్ర లేకుండా గుమ్మం దిగాలంటే కాలు వణికేది. తోటకి పోవడం లేదు కాబట్టి ఆకలి పోయింది. ఆకలి లేక తిండి తగ్గింది. మధ్యాహ్నం కునుకు, రాత్రంతా జాగారం. అద్దంలో చూసుకుంటే కళ్ల కింద సంచులు. కోరుకున్నదే జరిగింది, సంతోషించాలి కదా? ఏ మూలా సంతోషం లేదు. ఒళ్లు నా మాట విని నేర్చుకుందో, నన్ను వదిలేసి వెళ్లిపోయిందో తెలియలేదు.

స్వర్ణ దగ్గరికొస్తుందనుకున్నాను. రాలేదు. నేను లేస్తుంటే, కూర్చుంటుంటే, తినకుండా కంచం పక్కన పెడుతుంటే దూరంనుంచి నన్నే చూసేది. ఒకరోజు పెరట్లో నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అమ్మా, ఒంట్లో ఎక్కడైనా గడ్డలా చేతికి తగుల్తోందా?"

"లేదే, నాకేటి?"

"నిజం చెప్పు. నేనూ మొదట్లో నీరసమే అనుకున్నాను. నువ్వింతలా చిక్కిపోవడం నేనెప్పుడూ చూడలేదు."

నాకేం లేదని ఎంత చెప్పినా వినలేదు. పెరటి వెనక బండ మీదికెక్కి స్తెఫనుకి ఫోను చేసింది. మర్నాడు పొద్దున్నే జీపొచ్చింది. నర్సీపట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఘాట్ రోడ్డు దిగినంతసేపూ స్వర్ణ నా చెయ్యి వదల్లేదు. దాని అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. అప్పుడైనా చెప్పేయాల్సింది.

రక్తం తీశారు, ఫొటోలు తీశారు. సాయంత్రానికి డాక్టరమ్మ పిలిచి, "అరవై అయిదేళ్లా? మీ గుండె నాదానికంటే బాగుంది. ఏ జబ్బూ లేదు. మరెందుకలా వంగి నడుస్తున్నారు?" అంది.

స్వర్ణ కళ్లు మూసుకుని శిలువ గుర్తు వేసుకుంది. ఆ మొహం చూశాక నేనింక ఆగలేకపోయాను. అక్కడే, ఆ డాక్టరమ్మ ముందే, గాజుల దుకాణం నుంచీ చేతికర్ర దాకా అంతా చెప్పేశాను. "నువ్వు నా పక్కన నడవాలని చేశానే" అన్నాను.

అది బయటికొచ్చి నా చేతిలో కర్ర లాక్కుని జీపు వెనక పడేసింది. ముందు సీట్లో స్తెఫను పక్కన కూర్చుంది. చింతపల్లి రాగానే దిగిపోయి, "నేనిక్కడే ఉంటాను. అమ్మని ఇంటి దగ్గర దింపిరా" అని మొగుడితో చెప్పింది, నాతో కాదు.

నాలుగు రోజులైంది, సోములూ. చావు నోట్లోంచి బయటపడ్డ పిల్ల గుండెల్లో అదే భయాన్ని నేను మళ్లీ పెట్టాను. మిరియాల గుత్తుల్లో గింజలు ఎర్రబడుతున్నాయి. సోంబరు వచ్చి కోతెప్పుడని అడుగుతున్నాడు. చూద్దామన్నాను. ఏటి చూస్తానో నాకే తెలీదు.

తెరిస


చింతపల్లి
శుక్రవారం

అమ్మా,

ఇది స్తెఫను చేతికిచ్చి పంపుతున్నాను. చదివేటప్పుడు వాకిట్లో వెలుతురులో కూర్చుని చదువు, కళ్లజోడు లేదని మొండికెయ్యకు. అవునులే, నీకు కళ్లజోడు అక్కర్లేదు కదా.

కోపం తగ్గింది. పూర్తిగా కాదు. ఆ రోజు ఘాట్ దిగుతున్నంతసేపూ నేనేం ఆలోచించానో తెలుసా? విశాఖలో నీకు మందులెక్కించేటప్పుడు పక్కన ఎవరుండాలి, నాకు చేసినట్టు నీకు జావ కాచి ఎవరు తేవాలి, నీ జుట్టు ఊడుతుంటే నేను చూడగలనా అని. తీరా నువ్వు అసలు సంగతి చెప్పేసరికి నవ్వాలో, నిన్ను కొట్టాలో, వాటేసుకోవాలో తెలియలేదు. ఏదీ చేతకాక ముందు సీట్లో కూర్చున్నాను. దారంతా ఏడ్చాను. నువ్వు వెనకనుంచి నా తలే చూసి కోపమనుకుని ఉంటావు.

గాజులామె మాటకి బాధపడలేదని చెప్పను. ఆ పూటంతా బాధపడ్డాను. ఆ తర్వాత మర్చిపోయాను కూడా. ఆసుపత్రి అద్దాల్లో అంతకంటే ఘోరంగా చూసుకున్నాను నన్ను నేను. నిన్ను ముందెళ్లమన్నది అందుకు కాదమ్మా.

నేను నీతో నడవలేకపోయాను.

చర్చి దారిలో ఎత్తు మొదలవగానే నాకు ఊపిరందేది కాదు. నువ్వు మాట్లాడుతూ గబగబా ఎక్కేసేదానివి. వెనక్కి తిరిగి నన్ను చూసి, చెప్పులో రాయి దూరిందని కూర్చునేదానివి. ఒక్క దారిలో ఎన్నిసార్లు దూరుతుందమ్మా రాయి? నువ్వు నా కోసం ఆగుతున్నావని తెలుస్తూనే ఉంది. నలభై దాటిన దాన్ని నువ్వు చంకనెత్తుకుని మోస్తున్నట్టుండేది. దించమని అడిగితే నువ్వు బాధపడతావు. అందుకని నువ్వెళ్లిపో అన్నాను. నువ్వు మలుపు తిరిగాక నేను మొదలుపెట్టేదాన్ని. నాలుగడుగులు వేసి చెట్టు పట్టుకుని నిలబడటం, ఊపిరి తీసుకుని మళ్లీ నాలుగడుగులు. ఎవరూ చూడకుండా నడక నేర్చుకుంటున్నాను, అంతే. చిన్న పిల్లయితే అందరి ముందూ పడి లేస్తుంది. నాకు సిగ్గేసింది.

వారం వారం ఆగే చోట్లు తగ్గాయి. క్రిస్మస్ రోజు చర్చి దాకా ఒక్కసారే ఆగాను. ఒక్కసారే అమ్మా! నీకు చెబుదామని ఆయాసపడుతూ లోపలికొచ్చి చూస్తే నువ్వు కర్ర ముందు పెట్టుకుని, వంగిపోయి, వెనక బెంచీలో కూర్చుని ఉన్నావు. నేను లేచేసరికి నువ్వు పడిపోతున్నావనుకున్నాను.

ఇంకో మాట చెప్పాలి. ఆసుపత్రిలో నా పక్క మంచం మీది వాళ్లు ముసలితనం గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు. అంత దూరం ఎవరూ చూసేవాళ్లు కాదు. నాకు మాత్రం నువ్వు కొంగు బిగించి గ్లాసు పట్టుకుని చకచకా వస్తుంటే, అరవై అయిదంటే ఇలా ఉంటుందా, అయితే నాకూ కావాలి అనిపించేది. అమ్మమ్మ నీలాగే ఉండేదని నువ్వే చెప్పావు. నేనూ ఆ కడుపు పంటనే కదా. ఒంట్లో ఇంత విషం పోసినా ఆ రక్తం ఎక్కడికి పోతుందిలే అని ధైర్యం చెప్పుకునేదాన్ని. నువ్వు నా ఎదురుగా నిటారుగా తిరుగుతుంటే నాకు ముందు బోలెడంత కాలం ఉన్నట్టుండేది. నువ్వేమో నా మీద ప్రేమతో దాన్ని మడిచి పెట్టెలో పెట్టేశావు. అసలు కోపం అక్కడొచ్చింది నాకు.

పెట్టె తియ్యి. వెలిసిన చీరలు పొయ్యి దగ్గర మసిగుడ్డలకి వాడు. నడుము నొప్పికి నేను నూనె రాస్తాను. నెమ్మదిగా పోతుందని డాక్టరమ్మ కూడా చెప్పింది కదా. సోంబరుకి స్తెఫను చేత కబురు పంపాను, వచ్చే వారం మన తోటలో మిరియాల కోత అని. మొదటి రోజు నువ్వు సగం నిచ్చెన దాకా ఎక్కితే చాలు. నేను కింద పట్టా పరిచి గుత్తులు ఏరతాను. జూన్‌లో బడికొస్తానని హెడ్మాస్టరుకి చెప్పేశాను. సెలవు పొడిగించుకోమన్నారు, వద్దన్నాను.

రేపొస్తున్నాను. జీపు పైదాకా వద్దని స్తెఫనుతో చెప్పాను. కింద కల్వర్టు దగ్గర దించేస్తాడు. అక్కణ్నుంచి గూడెం దాకా ఆ ఎత్తంతా నడిచే వస్తాను. ఎంతసేపు పడుతుందో తెలీదు. నువ్వు ఎదురు రావద్దు, పెరటి బండ మీదికెక్కి చూడనూ వద్దు. ఇంట్లోనే ఉండి రాజ్మా కూర వండు, అన్నం కాస్త ఎక్కువ వెయ్యి. ఆకలితో వస్తాను.

నీ కూతురు
స్వర్ణ