పచ్చకోటు మీద గొంగడి

కోరుట్ల, సోమవారం

అమ్మకు నారాయణ దండాలు. మామ ఇంట్లో బాగానే ఉన్నాను. నన్ను పోలీసులు పట్టుకున్నారని సిరిసిల్లలో ఎవరన్నా అంటే నమ్మకు. సంబంధం కుదిరింది.

తప్పంతా బావ దుబాయి నుంచి తెచ్చిన ఆకుపచ్చ కోటుది. జగిత్యాలలో మామ దిగి పండ్లు కొంటుండగానే బస్సు కదిలింది. బీర్పూర్‌లో నేనొక్కడినే దిగి వాళ్లింటికి పోయాను. పెండ్లిచూపులకు పెద్దలు లేకుండా ఎవరొస్తారు? పిల్ల నాయనమ్మ లక్ష్మవ్వ కోటు చూసి, నన్ను అడవిలో తిరిగే అన్నల మనిషి, అదే నక్సలైటు, అనుకుంది. లోపలికి లాగి అన్నం పెట్టింది. నేను పేరు చెప్పబోయినప్పుడల్లా చెవులు మూసుకుంది.

"చెప్పకు కొడుకా. రేపు పోలీసోళ్లు అడిగితే నాకు తెల్వదనాలె. తిని పో."

నేను చూడబోయిన పిల్ల రత్నమాల నీళ్ల చెంబు గడప మీదే పెట్టి లోపలికి ఉరికింది. ఏం చేయను, కడుపునిండా తిన్నాను. తరువాతి బస్సుకు మామ వచ్చి, "పిల్లను చూడచ్చింది గీ పిలగాడే" అనగానే ఆ పిల్ల కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నాకు అప్పుడే నచ్చింది.

దారిలో ఇంకెవరూ పొరబడకుండా రత్నమాల నాన్న నా కోటు మీద తన గొంగడి కప్పి పంపాడు. మన అద్దకంలో నల్లరంగు మిగిలితే పారబోయకు, ఈ పచ్చదనం పోయేలా ముంచుదాం. కోటు నూలుదే, రంగు పట్టుకుంటుంది. చెల్లె దగ్గు తగ్గిందా? నాన్నకు దండాలు చెప్పు.

బస్సెక్కేముందు లక్ష్మవ్వ నా భుజం మీద గొంగడి సర్ది, తన చెవి నా నోటి దగ్గరికి తెచ్చి అడిగింది: "ఇగ చెప్పు కొడుకా, నీ పేరేంది?"